1896: ఎత్తినవాళ్లు, లెక్కకెక్కనివాళ్లు

పట్టాలు అందుకుంటున్న మీలో వ్యాయామ విద్య చదివినవాళ్లు చాలామంది ఉన్నారని తెలిసి, రాసుకొచ్చిన నీతులు పక్కనపెట్టేశాను. ఆటల లోకంలో ఒక్క ఏడాది గురించే మాట్లాడతాను. విక్టోరియా రాణి ఏలుబడి చివరి ఏళ్లలోని 1896.

ఆ ఏడు ఏప్రిల్ 7న ఏథెన్సులో మొదటి ఆధునిక ఒలింపిక్స్ బరువుల పోటీ జరిగింది. ఇప్పటిలా శరీర బరువును బట్టి తరగతుల్లేవు. సన్నవాడైనా లావువాడైనా అందరికీ ఒకటే పోటీ. రెండు చేతులతో ఎత్తడంలో డెన్మార్క్ వాడు విగ్గో జెన్సెన్, బ్రిటన్ తరఫున దిగిన లాన్సెస్టన్ ఇలియట్ సరిగ్గా 111.5 కిలోల దగ్గరే ఆగారు. ఈ ఇలియట్ పుట్టింది మన దేశంలోనే. తీర్పు చెప్పాల్సినవాడు గ్రీకు యువరాజు జార్జి. ఎత్తేటప్పుడు ఇలియట్ కాలు కదిలింది, జెన్సెన్ ఎత్తిన తీరు బాగుంది అని మొదటి స్థానం జెన్సెన్‌కిచ్చాడు. బ్రిటిష్ వాళ్లు ఊరుకుంటారా, అభ్యంతరం పెట్టారు. ఇలియట్‌కి మళ్లీ అవకాశం ఇచ్చినా అంతకు మించి లేపలేకపోయాడు. తర్వాత ఒంటిచేతి పోటీలో 71 కిలోలు ఎత్తి కసి తీర్చుకున్నాడు. అప్పటికే భుజం దెబ్బతిన్న జెన్సెన్ 57తో సరిపెట్టుకున్నాడు. మధ్యలో ఒక బరువును పక్కకు జరపలేక నౌకరు తంటాలు పడుతుంటే, యువరాజే వచ్చి సునాయాసంగా ఎత్తి అవతల పడేశాడట. పాపం, ఆయన ఎత్తింది ఏ పట్టికలోనూ లేదు!

పట్టికలో లేనివాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పోటీల్లో ఆడవాళ్లకు చోటు లేదు. మారథాన్ పరుగును ఏప్రిల్ 10న స్పిరిడాన్ లూయీ గెలిచాడు. ఆ మర్నాడు స్తమాతా రెవితి అనే పేద తల్లి అదే దారిన ఒంటరిగా పరుగెత్తింది. బయల్దేరిన వేళకు సాక్షి సంతకాలు కూడా పెట్టించుకుంది. స్టేడియంలోకి మాత్రం రానివ్వలేదు. ఇంగ్లండ్ క్రికెట్‌లో ఇంకో రకం తలుపు. భారతీయుడైన రంజిత్‌సింగ్‌జీని ఆ ఏడు లార్డ్స్ టెస్టుకు తీసుకోలేదు. మాంచెస్టర్ వాళ్లు పిలిచి ఆడిస్తే 62, ఆ తర్వాత అవుటవకుండా 154 కొట్టాడు.

మరి మన సంగతో? అప్పుడు శ్రీకాకుళం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడికి అప్పుడు పద్నాలుగేళ్లు. విజయనగరంలో పినతండ్రి దగ్గర ఉంటూ కుస్తీ, కసరత్తు నేర్చిన కుర్రాడు. తర్వాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగొచ్చి బడిలో డ్రిల్లు మాస్టారయ్యాడు. అంటే మీకు పెద్దన్నయ్య! ఆపైన సర్కసు పెట్టి కలియుగ భీముడనిపించుకున్నాడు.

రామ్మూర్తి నాయుడి గురించి మన చెవిన పడే కథల్లో ఛాతీ మీద నిలబడ్డ ఏనుగు ఉంటుంది, తెంపిన ఇనప గొలుసు ఉంటుంది, కదలకుండా పట్టి ఆపిన కార్లుంటాయి. కిలోలు మాత్రం ఉండవు. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం పెట్టుకున్నాం, శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరు పెట్టుకున్నాం. జెన్సెన్ పక్కన నిలబెట్టి చూడటానికి మన దగ్గర అంకె లేదు.

అంకెతో వచ్చినావిడ ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి, నీలంశెట్టి అప్పన్న గారి శిష్యురాలు కరణం మల్లీశ్వరి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బరువుల పోటీ మొదలైందే 2000లో, సిడ్నీలో. 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చైనా, హంగరీ అమ్మాయిలు చెరో 242.5తో సమానమైతే, శరీర బరువు తక్కువని చైనా అమ్మాయికి స్వర్ణం ఇచ్చారు. మల్లీశ్వరి చివరి ప్రయత్నం 137.5. స్వర్ణం కోసమే వేయించుకున్న బరువది. నిలబడలేదు, కాంస్యం దక్కింది. నూటనాలుగేళ్లలో ఇనప కడ్డీ మారింది, పద్ధతి మారింది, నిజమే. అయినా ఏథెన్సు మొనగాళ్లు 111.5 దగ్గర ఆగిపోయారు, మన ఆడపిల్ల 130 ఎత్తింది. ఈ పోలిక న్యాయమా అని అడిగితే నవ్వేసి ఊరుకుంటాను. చెప్పడం మాత్రం మానను.

నెల్లిమర్ల పక్కన కొండవెలగాడలో ఇప్పటికీ పిల్లలు బరువులెత్తుతున్నారు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఇవి లెక్కకెక్కిన పేర్లు. పండగలకి సంగిడి రాయి ఎత్తే కుర్రాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆ రాయి ఎంతుంటుందని అడిగితే, "శానా ఉంటాది బాబూ" అంటారు.

వ్యాయామ ఉపాధ్యాయులుగా వెళ్తున్న మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. వచ్చే సంక్రాంతికి మీ ఊరికి ఒక కాటా పట్టుకెళ్లండి. రాయిని తూచండి. ఎత్తినవాడి పేరు, వయసు, తేదీ బడి రిజిస్టరులో రాయండి. పక్కన నిలబడి చూస్తున్న ఆడపిల్లల్లో ఎవరైనా ముందుకొస్తే, ఆ పేరూ రాయండి.