టరెట్ తిరిగే తీరు

లేత్ మిషన్ మీద రకరకాల టూల్స్ పట్టుకుని తిరిగే తలను టరెట్ అంటారు. 1845లో అమెరికాలో స్టీఫెన్ ఫిచ్ పిస్తోలు భాగాల తయారీకి చేసిన టరెట్‌లో ఎనిమిది టూల్స్ ఉండేవి.

కంప్యూటర్‌తో నడిచే నేటి సీఎన్‌సీ లేత్‌లో ప్రోగ్రామ్‌లో టీ0505 అని రాస్తే చాలు. టరెట్ బిగింపు వదులుతుంది. సర్వో మోటారు దగ్గరి దారి చూసుకుని ఐదో టూల్‌ను ముందుకు తెస్తుంది. అయితే మోటారు తెచ్చేది ఇంచుమించు చోటికే. అసలు పనితనం లోపలి ఉక్కు వలయాలది. ఎదురెదురుగా పళ్లున్న ఆ వలయాలు హైడ్రాలిక్ ఒత్తిడితో ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. పళ్లు ఏటవాలుగా ఉంటాయి గనుక చిన్న తేడా ఉన్నా సర్దుకుంటాయి. బిగిసిందని సెన్సర్ చెప్పాకే కోత మొదలు.

పనిముక్కను పట్టి ఉంచే చక్‌కు టూల్ పొరపాటున గుద్దుకుందా, ఈ అమరికంతా చెదరవచ్చు. అప్పుడు డయల్ గేజ్ పెట్టి టరెట్‌ను మళ్లీ సరిచూడాలి.