కొలువులో పెద్దరికం
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను పండితుణ్ణి కాను, వక్తనూ కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, రైల్వేలో గుమాస్తాగా చేరి, కడంబత్తూరులో కాపురముంటున్నవాణ్ణి. "పండితులు ఏటేటా మాట్లాడుతూనే ఉన్నారు. ఈసారి ఉద్యోగం చేసేవాడే ఉద్యోగాన్ని గురించి చెబితే మన పిల్లలు వింటారు" అని కార్యదర్శిగారు పట్టుబట్టడం చేత ఇక్కడ నిలబడ్డాను. నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పి సెలవు తీసుకుంటాను.

ఉద్యోగం పురుషలక్షణమన్నారు పెద్దలు. అది పోతే అవలక్షణమని కొంటెవాళ్ళు ఇంకొక మాట చేర్చారు. ఈ సభలో కూర్చున్న ఆడపడుచులు చాలామంది ఉద్యోగాలు చేస్తున్నారు గనుక ఆ సామెతను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. ఏమైనా, మనలో చాలామందిమి తెల్లవారకముందే లోకలు బండి ఎక్కి పెరంబూరో, ఆవడో, అంబత్తూరో పోయి, దీపాలు పెట్టిన తరువాత ఇల్లు చేరేవాళ్ళమే. మన యువకుల నోట నేను తరచు రెండు మాటలు వింటూ ఉంటాను. "ఇది పొట్టకూటి ఉద్యోగం, ఇందులో ఏముంది?" అనేది ఒకటి. "నేను పై అధికారినయ్యాక చూపిస్తాను" అనేది రెండవది. ఈ రెండు మాటలూ సరైనవి కావని నా అభిప్రాయం. ఎందుచేతనో మనవి చేస్తాను.

మొదట నా పని సంగతే చెబుతాను. టిక్కెట్ల గదిలో కూర్చోబోయే గుమాస్తా ముందుగా తన జేబులోని సొంత సొమ్ము ఎంతో పుస్తకంలో వ్రాసుకోవాలి. దిగేటప్పుడు అమ్మిన టిక్కెట్ల లెక్కా, పెట్టెలోని సొమ్మూ సరిపోవాలి. తక్కువ వస్తే గుమాస్తా తన చేతినుండి కట్టుకోవాలి, ఎక్కువ వస్తే అది రైల్వేకు జమ. అట్ట టిక్కెట్ల రోజుల్లో ఏ కట్ట ఏ నంబరు దగ్గర ఆగిందో వ్రాసి తరువాతివాడికి అప్పగించేవారు. ఇప్పుడు కంప్యూటరు వచ్చింది గాని అప్పగింత మాత్రం పోలేదు. నా తరువాత కూర్చునేవాడు నా సంతకాన్ని నమ్మి పని మొదలుపెడతాడు.

కీమన్ అనే ఉద్యోగిని మీలో కొందరు బండి కిటికీలోనుండి చూసే ఉంటారు. సుత్తీ పానా పట్టుకొని తన హద్దులోని పట్టాల వెంట ప్రతిదినమూ నడుస్తాడు. వదులైన బోల్టును బిగిస్తాడు, ఊడిన చీలను కొడతాడు. ఆ పట్టాల మీద వేగంగా పోయే బండిలో నిద్రపోతున్న ప్రయాణికులకు అతని పేరు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. మన ఊరి మీదుగా పోయే ఈ మార్గం దక్షిణదేశంలోని ప్రయాణికుల రైలు మార్గాలలో మొదటిది. 1856 జూలై 1న రాయపురం నుండి వాలాజా రోడ్డు దాకా బండి నడిచింది. నూట అరవై ఏళ్ళు దాటినా ఇది నేటికీ నడుస్తున్నదంటే అటువంటి పేరు తెలియని మనుషుల కాలినడకే దానికి ఆధారం. పొట్టకూటి ఉద్యోగమనే నాయనను నేనడిగేది ఒక్కటే. నీ పని అవతలి కొసన ఎవరున్నారో ఎప్పుడైనా చూశావా? వారెవరో తెలిసిననాడు ఉద్యోగానికి అర్థం దానంతటదే వస్తుంది.

"ఇష్టమైన ఉద్యోగం దొరికితే అట్లాగే చేసేవాణ్ణి" అని కొందరంటారు. దానికి జవాబు మన పొరుగు ఊళ్ళోనే ఉన్నది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి విడివడి ఆనాటి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఊరు కదలలేదు, హద్దు కదిలింది. అక్కడివాళ్ళు ఇల్లు కదలకుండానే ప్రవాసాంధ్రులైపోయారు. ఆ తిరుత్తణిలో 1888 సెప్టెంబరు 5న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టారు. తండ్రిగారు జమీందారు కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. విద్యార్థివేతనాలతో చదువు సాగింది. ఆయన తత్వశాస్త్రం తీసుకోవడానికి కారణమేమో తెలుసునా? అదే కళాశాలలో చదువు ముగించిన బంధువొకరు తన తత్వశాస్త్ర పుస్తకాలు ఇచ్చారట. డబ్బు పెట్టి వేరే పుస్తకాలు కొనే స్థితి లేదు. చేతికి వచ్చిన పుస్తకాలే ఆయన బ్రతుకుబాట అయినవి.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడిగా చేరారు. 1918లో మైసూరు, 1921లో కలకత్తా. మైసూరు వదిలి కలకత్తా వెళ్ళేనాడు విద్యార్థులే ఆయన బండికి పూలు కట్టి, తామే లాక్కుంటూ రైలు స్టేషనుకు తీసుకుపోయారని ప్రసిద్ధి. అప్పటికి ఆయన ఉపరాష్ట్రపతి కాదు, రాష్ట్రపతి కాదు, కళాశాల ఉపాధ్యాయుడు మాత్రమే. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఆ ఏటినుండి ఆయన పుట్టినరోజును దేశమంతా ఉపాధ్యాయ దినంగా జరుపుకుంటున్నది. అన్ని పదవులు చేసినవారి పేర చిన్ననాటి వృత్తే నిలిచింది. కోరుకున్న పని దొరకడం అదృష్టమే. దొరికిన పనిని తన పనిగా చేసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.

ఇక రెండవ మాటకు వస్తాను. పై అధికారి అయితేనే పెద్దరికం వస్తుందా? అధికారం సర్కారు కాగితం మీద వస్తుంది. పెద్దరికం కింది మనుషులు ఇవ్వవలసినది.

శ్రీనివాస రామానుజన్ పేరు వినని బడిపిల్లవాడు లేడు. ఆ కుర్రవాడు ఎఫ్.ఏ. పరీక్ష తప్పి, ఉద్యోగం లేక తిరుగుతూ నెల్లూరులో కలెక్టరుగా ఉన్న రామచంద్రరావుగారిని ఆశ్రయించాడు. ఆయన నెలకు పాతిక రూపాయలు ఇచ్చి కొంతకాలం ఆదుకున్నారు. ఒకరి సొమ్ము తింటూ ఊరక కూర్చోవడం ఇష్టం లేక రామానుజన్ 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు ముప్పై రూపాయల జీతానికి గుమాస్తాగా చేరాడు. మనలాంటి గుమాస్తానే!

అక్కడ ఆయన పై అధికారి నారాయణ అయ్యర్. గణితం తెలిసినవాడు. తనకింద పనిచేసే కుర్రవాడికి తనకంటే ఎక్కువ తెలుసునని గ్రహించాడు. మన కచేరీలలో ఇటువంటిది గ్రహించినవాడు ఏం చేస్తాడో మీకు వేరే చెప్పనక్కరలేదు. నారాయణ అయ్యర్ మాత్రం సాయంత్రాలు ఆ గుమాస్తాతో కూర్చుని లెక్కలు వేశాడు. అతని సంగతి తన పై అధికారి సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ చెవిన వేశాడు. ఈ స్ప్రింగ్ దొర రాజమండ్రి దగ్గర గోదావరి రైలు వంతెన పనిలో పేరు తెచ్చుకున్న ఇంజనీరు. ఆయనా పూనుకున్నాడు. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు డెబ్బై అయిదు రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది, పోర్టు ట్రస్టు సెలవిచ్చింది. 1914 మార్చిలో రామానుజన్ ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్ళాడు.

అయ్యా, రామానుజన్ మేధ దైవదత్తం, మనకు రాదు. కాని నారాయణ అయ్యర్ చేసిన పని మనమందరం చేయగలిగినదే. కిందివాడి తెలివిని చూసి కడుపుమంట పడక, దానిని పైవారి దృష్టికి తేవడం! దీనికి పెద్ద చదువు అక్కరలేదు.

దీనికి విరుద్ధమైనదీ నేను చూశాను. ఏ స్టేషనో, ఎవరో చెప్పను. కొత్తగా చేరిన ఒక కుర్రవాడికి ఒకనాడు లెక్క కుదరలేదు. పైవాడు కిటికీ ముందు వరుసకట్టి నిలుచున్న జనం వింటుండగానే అతనిని నోటికి వచ్చినట్లు తిట్టాడు. నిజానికి తేడా ఆ కుర్రవాడిది కాదనీ, అంతకుముందు అప్పగింతలోనే ఉన్నదనీ మరునాటికి తేలింది. తిట్లు పదిమంది విన్నారు, తేలిన నిజాన్ని చెప్పినవాడు లేడు. ఆరునెలలు తిరగకుండానే ఆ కుర్రవాడు ఉద్యోగం వదిలి ఊరికి వెళ్ళిపోయాడు. ఇంట్లో పెళ్ళికెదిగిన చెల్లెలున్నది. ఒక మాట వల్ల ఒక కుటుంబానికి ఆధారం పోయింది.

నాకు పని నేర్పినవారు తమిళులైన ఒక పెద్దాయన. ఆడికృత్తికనాడు తిరుత్తణికి పోయే జనం కిటికీ మీద పడుతుంటే, కొత్తవాణ్ణయిన నా వెనుక నిలబడి, "కంగారు పడకు తంబీ, ఒక్కొక్కరికే టిక్కెట్టు ఇయ్యి. వరుస సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. తప్పు పట్టవలసి వస్తే జనం పోయిన తరువాత, తలుపు దగ్గరకు వేసి చెప్పేవారు. మెప్పుదల మాత్రం నలుగురిలో చెప్పేవారు. ఆయన పదవీ విరమణ చేసి వెళ్ళినా, చిక్కు వచ్చినప్పుడు ఆయన అయితే ఏం చేసేవారని మేము ఇప్పటికీ అనుకుంటాము.

పెద్దరికానికి మరొక గుర్తు, నింద వచ్చినప్పుడు ముందు నిలబడడం. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి, రైలు పడి వందమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇస్తే నెహ్రూగారు అంగీకరించలేదు. ఆ నవంబరులోనే అరియలూరు దగ్గర మళ్ళీ అటువంటి ఘోరమే జరిగింది. ఈసారి శాస్త్రిగారు పదవి వదులుకున్నారు. ఒకటి తెలుగు నేల, ఒకటి తమిళ నేల. రెండుచోట్లా ఆ వంతెనలు కట్టినవాడు ఆయన కాడు. అయినా "కిందివాళ్ళు చూసుకోలేదు" అని తప్పుకోలేదు. మన కచేరీలో చిన్న పొరపాటు జరిగితే మొదట వెతికేది ఎవరి మీదికి తోయాలా అనే గదా!

తగవు వచ్చినప్పుడు ఎట్లా నడుచుకోవాలో వి.వి. గిరిగారి జీవితం చెబుతుంది. ఆయనా తెలుగు దేశపు హద్దు అవతల, బరంపురంలో పుట్టిన తెలుగువారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెను శాంతియుతంగా నడిపారు. తరువాత కేంద్ర కార్మిక మంత్రి అయినప్పుడు, యజమానీ పనివారూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి, న్యాయస్థానం చివరి మెట్టు కావాలి అన్నారు. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు 1954లో మంత్రిపదవి విడిచారు. సంఘం నడిపిననాటి మాటను కుర్చీ ఎక్కిన తరువాత మరచిపోలేదు.

ఇక కొంచెం కటువుగా తోచే మాట ఒకటి ఉన్నది. పెద్దలు క్షమించాలి. మనలో ఎవరైనా ఒక మెట్టు పైకి వెళితే, "మనవాడే, మనవాళ్ళకు చేస్తాడు" అని ఆశపడతాము. ఈ నెలనుండి మా దగ్గర కొత్తగా చేరిన ఇద్దరికి పని నేర్పే బాధ్యత నామీద పెట్టారు. ఒకడు తెలుగు కుర్రవాడు, మనకు తెలిసిన ఇంటివాడే. ఇంకొకరు తమిళుల అమ్మాయి. వెంటనే నాకు కబుర్లు వచ్చాయి: "మన పిల్లవాణ్ణి కాస్త చూసుకో, పండుగలకు సెలవు వాడికి ముందు ఇయ్యి" అని. చూసుకుంటాను, తప్పకుండా చూసుకుంటాను. ఇద్దరినీ ఒకే కంటితో చూసుకుంటాను. ఉగాదికి వాడు సెలవు తీసుకుంటే పొంగలుకు ఆ అమ్మాయి తీసుకుంటుంది. తమిళ పెద్దాయన నన్ను తెలుగువాడని పక్కన పెట్టి ఉంటే ఈనాడు నేను ఇక్కడ నిలబడి మాట్లాడేవాణ్ణి కాను. ఆ ఋణం తీర్చుకొనే దారి నాకు ఇదొక్కటే కనిపిస్తున్నది. పైగా, పొరుగు గడ్డ మీద బ్రతికే మనకు, "వాళ్ళు తమవాళ్ళనే చూసుకుంటారు" అనే పేరు రావడం కంటే పెద్ద నష్టం లేదు. "తెలుగాయన దగ్గర పని నేర్చుకుంటే న్యాయం జరుగుతుంది" అని వారు అనుకోవడమే మనం ఇక్కడ సంపాదించుకోదగిన ఆస్తి.

కనుక తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! హోదా రావడానికి ఏళ్ళు పడుతుంది. కొందరికి రాకపోవచ్చు కూడా. పెద్దరికానికి అంత ఆగనక్కరలేదు. మీ తరువాత చేరినవాడు ఒక్కడున్నా చాలు, వాడికి మీరే పెద్ద. తెలిసినది దాచకుండా నేర్పండి. లెక్క తప్పినప్పుడు పక్కన కూర్చుని వెతకండి. వాడు బాగా చేసినది వాడి పేరుతోనే పైకి చెప్పండి. కిటికీ ముందుకు వచ్చినవారికి వారి భాషలో జవాబు చెప్పండి. ఇంటికి వచ్చి, ఇవాళ ఏం పని చేశారని పిల్లలు అడిగితే విసుక్కోకుండా చెప్పండి. తండ్రి పనిని తండ్రే చులకన చేస్తే పిల్లలు ఏ పనినీ గౌరవించరు.