సిగ్నల్ క్యాబిన్లు – మనం చేయవలసిన పని

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత సిగ్నల్ క్యాబిన్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఇక్కడున్న పెద్దలకు క్యాబిన్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మన మనవలు, మనవరాళ్ళు దాన్ని చూడలేదు గనుక వారి కోసం మొదటినుంచి చెబుతాను.

స్టేషను చివర పట్టాల పక్కన ఉండే రెండంతస్తుల గది క్యాబిన్. పైన చుట్టూ కిటికీలు, మధ్యలో వరుసగా ఇనుప లీవర్లు. ఎర్రవి సిగ్నళ్ళకు, నల్లవి పాయింట్లకు, నీలంవి పాయింటు తాళాలకు. తెల్ల రంగు వేసినవి వాడకంలో లేనివి. కింది గదిలోనుంచి సిగ్నళ్ళకు వైర్లు, పాయింట్లకు రాడ్లు వెళ్ళేవి. రాడ్లతో బాగా దూరానున్న పాయింట్లను కదపలేము. అందుకే పెద్ద స్టేషన్లలో రెండు చివరలా క్యాబిన్లు కట్టారు.

ఇందులో అసలు విషయం ఇంటర్‌లాకింగ్. పాయింటు సరిగా కూర్చుని తాళం పడితేగాని సిగ్నల్ లీవరు కదలదు. ఒక బండికి సిగ్నల్ ఇచ్చాక, ఆ దారికి అడ్డు వచ్చే లీవర్లన్నీ బిగిసిపోతాయి. ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ 1856లోనే దీనికి పేటెంటు తీసుకొన్నాడు. అయినా చాలా కాలం ఇది కంపెనీల ఇష్టానికే వదిలేశారు. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర జరిగిన ప్రమాదంలో 80 మంది చనిపోయారు. ఆ సంవత్సరమే చట్టం చేసి ప్రయాణికుల లైన్లలో ఇంటర్‌లాకింగునూ బ్లాక్ పద్ధతినీ తప్పనిసరి చేశారు.

మన దేశంలో 2023 మే నెలాఖరు నాటికి 6,427 స్టేషన్లలో పాయింట్లను, సిగ్నళ్ళను ఒకేచోటినుంచి నడిపే విద్యుత్, ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది. చివరి పెట్టెకున్న ఎల్.వి. బోర్డు చూసి బండి పూర్తిగా వచ్చిందని నిర్ధారించే పని ఇప్పుడు చాలాచోట్ల యాక్సిల్ కౌంటరు చేస్తున్నది. ఇది మంచి మార్పే. ఎండకు వైరు సాగి సిగ్నల్ రెక్క సరిగా దిగకపోతే పడిన అవస్థ మీకు తెలుసు.

అయితే పని ఆగిన క్యాబిన్ గతి ఏమిటి? కప్పు కారుతుంది, చెక్కకు చెద పడుతుంది, లీవర్లు పాత ఇనుము కింద తూకానికి పోతాయి. రైల్వేవారిని పూర్తిగా తప్పు పట్టలేము. కొత్త లైనుకు స్థలం కావాలి. బండ్లు నడిచే పట్టాల పక్కన శిథిలమైన కట్టడం ఉండటమూ ప్రమాదమే.

ఇతర దేశాల్లో ఈ కట్టడాలను కాపాడటానికి రైలు అభిమానులు పూనుకొన్నారు. బ్రిటన్‌లో 800కు పైగా ఉన్న సిగ్నల్ బాక్సుల పనిని కొద్ది కేంద్రాలకు మార్చాలని 2011లో నిర్ణయించారు. 2013లో 26 బాక్సులను రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. సెయింట్ ఆల్బన్స్‌లో 1892లో కట్టిన బాక్సు 1979లో మూతపడింది. స్థానికులు ట్రస్టుగా ఏర్పడి బాగుచేసి, 2008నుంచి ప్రజలకు చూపిస్తున్నారు. అమెరికాలో క్యాబిన్‌ను టవర్ అంటారు. అక్కడి హారిస్‌బర్గ్‌లో హారిస్ టవర్‌ను అభిమానుల సంఘమే మ్యూజియం చేసింది. మన రైళ్ళ అభిమానులు కూడా 1989లో ఇండియన్ రైల్వేస్ ఫ్యాన్ క్లబ్ స్థాపించుకొన్నారు.

ఈ అభిమానులు గోడలు నిలబెట్టగలరు, ఫోటోలు తీయగలరు. కాని లీవర్లను ఏ వరుసలో లాగాలో, ఎందుకు ఆ వరుసో ఫోటోలో కనబడదు. అది తెలిసినవారు మనమే. ఏటా మనలో కొందరు తగ్గిపోతున్నారు.

ఇది పాత జ్ఞాపకాల మీద మోజు మాత్రమే కాదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ దగ్గర 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అది ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ ఉన్న స్టేషనే. సిగ్నల్ సర్క్యూట్ మార్పుల పనిలో జరిగిన లోపాలే కారణమని విచారణలో తేలింది. యంత్రం మారినా సూత్రం మారలేదు. పాయింటు నిజంగా ఎటు ఉందో, సిగ్నల్ అదే చూపించాలి. కొత్తగా చేరిన కుర్రవాడికి ఈ సూత్రం లీవరు పట్టుకొన్నప్పుడు అర్థమైనంత తేలికగా తెరమీద అర్థం కాదు.

కనుక మూడు మనవులు. ఒకటి: క్యాబిన్లలో పనిచేసినవారు తమ స్టేషను, లీవర్ల సంఖ్య, వాటి వరుస, గంటల సంకేతాలు, గాలివాన రాత్రుల్లో పని ఎలా నడిపారో రాసిపెట్టండి. రాయలేనివారి మాటలను పిల్లలు సెల్‌ఫోనులో రికార్డు చేయండి. రాత్రి డ్యూటీలకు క్యారేజీ సర్ది పంపిన అమ్మలను కూడా అడగండి, వారికి తెలిసిన సంగతులూ తక్కువేమీ కావు. రెండు: క్యాబిన్ తీసివేసేటప్పుడు, డివిజనుకు ఒక లీవరు ఫ్రేమునైనా దాని లాకింగ్ పట్టికతో సహా మ్యూజియానికో శిక్షణ సంస్థకో ఇవ్వమని సంఘం తరఫున అర్జీ పెడదాం. సిగ్నల్ ఇంజనీరింగ్ శిక్షణ సంస్థ 1957నుంచి మన సికింద్రాబాద్‌లోనే ఉంది. మూడు: ఫోటోల సరదా ఉన్న పిల్లలు అనుమతి లేకుండా మూతపడిన క్యాబిన్లు ఎక్కవద్దు. అనుమతి తీసుకొని, ఆ పని చేసిన పెద్దాయనను ఒకరిని వెంటబెట్టుకొని వెళ్ళండి.