చిత్తరువునందలి పొత్తము



మన సంచికలందు పెద్దల చిత్తరువులు ముద్రించుట వాడుక. వానిలో మనము ముఖమునే చూతుము; చేతనున్న వస్తువును చూడము. ముఖము పోలికను దెలుపును. వస్తువు బ్రతుకును దెలుపును.

జర్మను చిత్రకారుడగు హాన్సు హోల్బైను సుమారు 1527లో ఆంగ్లదేశమున సర్ తామసు మోరు కుటుంబమును రేఖాచిత్రముగా లిఖించెను. అది నేడు స్విట్జర్లాండునందు బాసెలు చిత్రశాలలో నున్నది. అందు గోడకు గడియారము వ్రేలాడుచున్నది. కాలము నిలువదని దాని హెచ్చరిక. అంతకంటె ముఖ్యము కుమార్తెల చేతి పొత్తములు. మోరు వారికి లాటిను, గ్రీకు భాషలు నేర్పించెను. పెద్దకుమార్తె మార్గరెట్టు ఎరాస్మసు రచన నొకదానిని ఆంగ్లీకరించినది. కావున నా పొత్తము లలంకారములు గావు. ఆ యింటి నడవడికి సాక్ష్యములు.

మా యింట మా తల్లిగారి ఛాయాపట మొకటి గలదు. ఆమె ప్రతిసాయంకాలమును భారతము చదివి యిరుగుపొరుగువారికి అర్థము చెప్పెడిది. పటము తీయువాడు ఆమె చేతి పొత్తమును తొలగించి, ప్రక్కను కాగితపుపూల కూజా నుంచెను. మేమును చూచుచు నూరకుంటిమి. నేడు మా మనుమలు పటమును జూచి, “ముత్తవ్వకు చదువు వచ్చునా?” యని యడుగుచున్నారు. ఆ లోపము మాది.

కావున మా విన్నప మిది. చిత్తరువు తీయించునపుడు ఎరువుసొమ్ములు వలదు. తక్కెడయో, నాగలియో, పొత్తమో, వారు నిత్యము చేపట్టినదానినే యుంచుడు. చేత పొత్తము లేని బాలిక మన యిండ్ల నున్నచో, ముందు పొత్తమిచ్చి, పిదప పటము తీయింపుడు.