నమూనా గ్లైడరుకు మోటారు, బ్యాటరీ

పోచంపాడు కాలువల క్రింద యాసంగి వరికోతలు ముగిసిన ఏప్రిల్ దినములలో, పగలు పదకొండు గంటల వేళ ఎండిన పొలము గట్టుపై నిలిచి ఆకాశము వంక చూచినచో, గ్రద్ద యొకటి రెక్క ఆడింపకయే చుట్లు తిరుగుచు పైపైకి పోవుట కనబడును. వేడెక్కిన నేలమీది గాలి తేలికయై స్తంభమువలె పైకి లేచుచుండగా, ఆ పక్షి దాని నాశ్రయించి ఎత్తు సంపాదించుచున్నది. నమూనా గ్లైడరును ఎగురవేయువారు కోరునదియు ఇదియే. కాని గ్లైడరు మొదట నూరు మీటర్ల ఎత్తునకైన చేరవలెను గదా! పూర్వము పొడుగాటి దారము కట్టి, గాలిపటమును వలె లాగి ఎక్కించెడివారు. ఇప్పుడు ఆ పనిని ముక్కులో అమర్చిన చిన్న విద్యుత్ మోటారు చేయుచున్నది. దానిని, దాని బ్యాటరీని ఎట్లు ఎంచుకొనవలెనో నేడు ముచ్చటింతము.

విద్యుత్తుతో నమూనా విమానము నడచుట మరీ క్రొత్త సంగతి కాదు. ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ 1957 జూన్ 30వ తేదీన ‘రేడియో క్వీన్’ అను నమూనాను రేడియో అదుపులో ఎగురవేసెను. పోచంపాడు ఆనకట్టకు నెహ్రూగారు 1963 జూలైలో శంకుస్థాపన చేయుటకు అది ఆరేండ్ల ముందటి మాట. ఆయన వాడినది వెండి, జింకులతో చేసిన బ్యాటరీ. సామాన్యులకు అందుబాటులోనిది కాదు. లిథియం బ్యాటరీలును, బ్రష్షులు లేని మోటార్లును వచ్చిన పిదపనే ఈ వినోదము ఇంటి పిల్లల వరకు వచ్చినది. ఇప్పటి చిక్కు వేరు: అంగడిలో వందలకొలది రకములున్నవి.

బోరుబావికి మోటారు కొనబోవు రైతు మొదట మోటారును చూడడు. నీరెంత లోతున నున్నది, ఎన్ని మళ్ళు తడువవలెను అని చూచును. గ్లైడరు విషయమునను మొదట చూడవలసినది బరువు. రెక్క ఈ కొననుండి ఆ కొనకు రెండు మీటర్లుండి, బ్యాటరీతో కూడ ఒక కిలో తూగు గ్లైడరును ఉదాహరణగా తీసికొందము. కిలో బరువునకు 150 వాట్లున్న మెల్లగా ఎక్కును. 200 వాట్లున్న సెకనుకు ఐదారు మీటర్ల చొప్పున చక్కగా ఎక్కును. 200 వాట్లనగా పావు హార్సుపవరు కంటె కొంచెమెక్కువ. అంతకు మించి కోరుట పందెములాడువారి మాట. గ్లైడరుకు మోటారు అటకెక్కు నిచ్చెన వంటిది. ఎక్కిన పిమ్మట దాని బరువును ఊరక మోయవలసినదే.

తరువాతిది ప్రొపెల్లరు. చాలమంది దానిని చిట్టచివర కొందురు. మోటారు తన ఇచ్చవచ్చినంత కరెంటు తీసికొనదు. ప్రొపెల్లరు అడిగినంత తీసికొనును. వ్యాసమును 10 అంగుళములనుండి 11కు పెంచి అదే వేగమున త్రిప్పవలెనన్న, కావలసిన శక్తి దాదాపు సగము పెరుగును! మన గ్లైడరునకు వ్యాసము 10 అంగుళములు, పిచ్ 6 అంగుళములు గల ముడుచుకొను ప్రొపెల్లరు సరిపోవును. పిచ్ అనగా ప్రొపెల్లరు మరమేకువలె ఒక చుట్టునకు ముందునకు పోవలసిన దూరము.

మోటారుపై ‘1000 కె.వి.’ అని వ్రాసియుండును. చూచి బెదరవలదు. పొలముల మీదుగా పోవు 11 కె.వి. లైనులోని కె.వి. వేరు, ఇది వేరు. భారమేమియు లేనపుడు వోల్టు ఒక్కింటికి నిమిషమునకెన్ని చుట్లు తిరుగునో తెలుపు సంఖ్య ఇది. మూడు సెల్లుల లిథియం పాలిమరు బ్యాటరీ రమారమి 11 వోల్టుల నిచ్చును. ప్రొపెల్లరు భారముచే వేగము ఐదవ వంతు తగ్గినను, 1000 కె.వి. మోటారు నిమిషమునకు ఎనిమిది వేల పైచిలుకు చుట్లు తిరుగును. ఆ వేగమున మన ప్రొపెల్లరు అడుగునది సుమారు 200 వాట్లు, అనగా 18 ఆంపియర్లు. అరువది, డెబ్బది గ్రాముల మోటారు ఇందుకు చాలును. బలము చాలలేదని అదే మోటారునకు నాలుగు సెల్లుల బ్యాటరీ తగిలించిన, వాట్లు రెట్టింపునకు మించి పోవును, మోటారు మాడును. స్పీడు కంట్రోలరు మాత్రము 30 ఆంపియర్లకు తక్కువ గానిది పెట్టవలెను.

ఇరువది ఆంపియర్లది పెట్టి నేను నష్టపోయితిని. అది చాలదన్నట్లు 11 అంగుళముల వ్యాసము, 8 అంగుళముల పిచ్ గల ప్రొపెల్లరును బిగించితిని. గ్లైడరు బాణమువలె ఎక్కుచుండగా పది సెకనులు సంతోషించితిని. పదునొకండవ సెకనున కంట్రోలరు మాడెను. రిసీవరునకు కరెంటు దాని ద్వారానే పోవుచుండుటచే, నేను మీటలెంత త్రిప్పినను గ్లైడరు వినలేదు. బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన తరువాత ఆ వైపున చెరకు తగ్గినది గాని, నా దురదృష్టమునకు ఆ ఒక్క తోట మిగిలియుండెను. రెండు దినములు వెదకితిమి. చెరకు నరికిన నాడు తోట యజమాని కబురంపెను: “బిడ్డా, నీ గాలిమోటరు మా చెరుకుల దొరికింది, వచ్చి తీస్కపో.”

బ్యాటరీ విషయమున అత్యాశ పనికిరాదు. నూరు మీటర్లెక్కుటకు 20 సెకనులు పట్టుననుకొందము. 200 వాట్ల చొప్పున అది ఒక వాట్-గంటకు కొంచెమెక్కువ. మూడు సెల్లులు, 1300 మిల్లీఆంపియరు-గంటల బ్యాటరీలో 14 వాట్-గంటలుండును. ఐదింట నాలుగు పాళ్ళే వాడినను పది పర్యాయములు ఎక్కవచ్చును. ఎక్కిన ప్రతిసారియు దిగుటకు రెండున్నర నిమిషములు పట్టును గనుక, పైకి లేచు గాలి ఒక్కటియు దొరకకున్నను 25 నిమిషములు ఎగురును. 2200 బ్యాటరీ పెట్టిన సుమారు 70 గ్రాములు పెరుగును. దానిని రెక్క అంతసేపును మోయవలెను. 18 ఆంపియర్లు 1300కు పదునాలుగు రెట్లు. కావున బ్యాటరీపై ‘25 సి’ అని యున్న నిశ్చింత. కొనుటకు ముందు ఆ కొలతలతో అట్టపెట్టె చేసి గ్లైడరు ముక్కులో దూర్చి చూడుడు. తూనిక కుదురుటకు సీసము పెట్టుటకంటె బ్యాటరీని ముందు వెనుకలకు జరుపుట మేలు.

ఇక ఒక హెచ్చరిక. మన జిల్లాలో మే నెల ఎండ యెట్టిదో చెప్పనక్కరలేదు. మూసిన కారులో లిథియం బ్యాటరీని విడిచి పోరాదు. ఛార్జింగు ఒక్కొక్క సెల్లును సరిచూచు ఛార్జరుతో, 1.3 ఆంపియర్లకు మించకుండ, మనిషి దగ్గరనుండగా, బండపరుపు మీదనే చేయవలెను. పరుపు మీద, పిల్లలు నిద్రించు గదిలో ఎంతమాత్రము కూడదు. సెల్లు 4.2 వోల్టులు దాటరాదు, 3.3కు దిగువకు పోరాదు. వారముల తరబడి వాడనపుడు 3.8 వద్ద నుంచవలెను. ఉబ్బిన బ్యాటరీ క్రొత్తదైనను మరల వాడవలదు. అది అంటుకొన్న ఆర్పుట కష్టము.

మొదటిసారి నేలమీదనే, చేతులు ప్రొపెల్లరునకు దూరముగా నుంచి, వాట్‌మీటరు తగిలించి పది సెకనులు పూర్తి వేగముతో త్రిప్పి చూడుడు. 20 ఆంపియర్లు దాటిన ప్రొపెల్లరును తగ్గింపుడు. కంట్రోలరులో ‘బ్రేకు’ పెట్టుట మరువరాదు. లేనిచో మోటారు ఆపినను ప్రొపెల్లరు ముడుచుకొనక గాలికి తిరుగుచు గ్లైడరును క్రిందికి లాగును. 2021 నాటి డ్రోను నియమముల ప్రకారము మీరున్న చోట ఎగురవేయవచ్చునో లేదో ముందే చూచుకొనుడు. ఆనకట్ట దగ్గరకు మాత్రము పోవలదు. అది కాపలా గల స్థలము, పైగా పగటివేళ జలాశయపు చల్లని నీటిమీద గాలి పైకి లేవదు. కోసిన వరిపొలము మంచిది. ఇరువది సెకనులు ఎక్కించి, మోటారు ఆపి, గ్రద్ద తిరుగుచున్న వైపునకు త్రిప్పుడు.