ఛాతీమంట: పెద్దలకు, పసిపిల్లలకు జాగ్రత్తలు

(కొత్తచెరువులో పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



చెరువు మరమ్మతు, త్రాగునీరు, దారులు మీ సమావేశములలో నిత్యము చర్చకు వచ్చు విషయములు. నేడు మేము ప్రస్తావించు ఛాతీమంట వానికంటె చిన్నదిగా తోచవచ్చును. "గ్యాసు పట్టినది" అని ఊరివారు ఒక్కమాటతో త్రోసివేయు బాధ ఇది. ఆ మాట వెనుక కొన్ని వేళల ప్రాణాపాయము దాగియుండుటచేతనే దీనిని మీ ముందుంచుచున్నాము.

తిన్న ఆహారము అన్నవాహిక గుండా జీర్ణాశయమును చేరును. ఈ రెంటి నడుమ నున్న కండర వలయము ఆహారమును లోనికి పంపి మూసికొనును. అది సడలినచో జీర్ణాశయములోని ఆమ్లము పైకి ఎగదన్నును. రొమ్ము వెనుక మంట, పులిత్రేన్పులు, రాత్రివేళ పొడిదగ్గు దీని లక్షణములు.

తెల్లవారుజామున టీ మాత్రము త్రాగి చేనికి పోవుట, పొద్దు వాలిన పిదప ఊరుబిండితో కడుపు పట్టనంత సంకటి తినుట, రాత్రి భుజించిన వెంటనే మేను వాల్చుట మన ప్రాంతమున సామాన్యము. వానలు తప్పిన ఏడు బెంగుళూరుకు కూలికి పోయినవారి తిండివేళలు మరింత తప్పును. దోషము రాగిసంకటిది కాదు. ఒక్కమారుగా మితిమీరి తినుట, తిన్నవెంటనే పడుకొనుట, బీడీ, పొగాకు, మద్యము దీనికి కారణములు.

కావున కొంచెము కొంచెముగా తినవలెను. రాత్రి భోజనమునకు, నిద్రకు నడుమ రెండు మూడు గంటల వ్యవధి ఉండవలెను. మంచము తలవైపు కోళ్ల క్రింద ఇటుకలుంచి ఆరు అంగుళములు ఎత్తు చేసినచో, ఎడమ ప్రక్కకు తిరిగి పరుండినచో మేలు కలుగును. వంటసోడా నీటిలో కలిపి తరచు త్రాగుట, ముఖ్యముగా రక్తపోటు గలవారికి, మంచిది కాదు. కీళ్లనొప్పులకు అంగడి మాత్రలను ఇష్టము వచ్చినట్లు మ్రింగినచో కడుపులో పుండ్లు పడవచ్చును. అట్టి పుండ్లకు ఒక సూక్ష్మజీవియు కారణమని 1982లో కనుగొనిన ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించినది. కావున ఎడతెగని బాధకు పరీక్ష చేయించవలెను. మ్రింగుట కష్టమైనను, మలము నల్లబడినను, బరువు తగ్గినను వైద్యుని చూపుట ఆలస్యము చేయరాదు.

పసిపిల్లలు పాలు కక్కుట తొలి నెలలలో సహజము. బిడ్డ హుషారుగా ఉండి బరువు పెరుగుచున్నచో భయపడ నక్కరలేదు. ఏడాది నిండునాటికి చాలమందిలో అది తగ్గిపోవును. తల్లిపాలు మానిపించరాదు. పాలు కొద్దికొద్దిగా ఇచ్చి, బిడ్డను ఇరువది నిమిషములు భుజముపై నిలువుగా ఎత్తుకొని, త్రేన్పు వచ్చిన పిదప వెల్లకిల పరుండబెట్టవలెను. వాంతిలో పచ్చని పసరు గాని నెత్తురు గాని కనబడినను, బిడ్డ పాలు త్రాగకున్నను, బరువు పెరగకున్నను వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను.

ఇక ముఖ్యమైన మాట. ఛాతీపై బరువు పెట్టినట్లుండి, నొప్పి ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకి, చెమటలు పట్టి ఆయాసము వచ్చినచో అది గుండెపోటు కావచ్చును. మధుమేహము గలవారిలోను, స్త్రీలలోను కడుపులో వికారముగా మాత్రమే కనిపించవచ్చును. అప్పుడు సోడా త్రాగించి పడుకోబెట్టి తెల్లవారువరకు వేచియుండుట ప్రమాదకరము. గుండె కండరము నిమిష నిమిషమునకు నశించుచుండును. మన రాష్ట్రమున 2005లో ఆరంభమైన 108 వాహనమును తక్షణమే పిలువవలెను.

సభ్యులారా! మేము కోరునది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. రానున్న గ్రామసభలో ఈ లక్షణములను చదివి వినిపింపుడు. పంచాయతీ గోడపై వానిని, 108 సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. అంగన్‌వాడీలో పసిబిడ్డల బరువు నెలనెల తూచుచున్నారో లేదో విచారింపుడు. "గ్యాసే కదా" అను మాట ఏ యింట వినబడినను, అది నిజముగా గ్యాసేనా అని అడుగువారు మీరు కావలెను.