కంప్యూటరును ఆర్పినదెవరు?

క్రొత్తగా కూర్చిన కంప్యూటరు తనంతట తానే ఆగిపోవుచున్నదని చెప్పినచో వినువారు వెంటనే ఇచ్చు తీర్పు ఒక్కటే: "ఏదో భాగము చెడినది, మార్చివేయుడు." ఏ భాగమన్న ప్రశ్న పిమ్మట వచ్చును, అప్పటికి డబ్బు ఖర్చయి యుండును. ఈ ప్రసంగములో మేము ఆ ప్రశ్నను కొంచెము మార్చి అడుగదలచితిమి. యంత్రము ఊరక ఆరదు. దానిని ఎవరో ఒకరు ఆర్పవలెను. ఆర్పుటకు అధికారము గలవారు ఆ పెట్టె లోపలను వెలుపలను కొందరే యున్నారు. వారిలో ఆర్పినదెవరో తెలిసినచో పని చాలవరకు ముగిసినట్లే.

రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలములోని జన్వాడను తీసికొందము. గండిపేట చెరువుకు చేరువనున్న ఆ గ్రామమున ఒక ఇంట డిగ్రీ చదువుచున్న కుర్రవాడు గలడనుకొందము. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి, విడిభాగములను బేరమాడి కొని తెచ్చి, రెండు రాత్రులు కూర్చుండి బిగించుకొన్నాడు. కంప్యూటర్లను నిర్మించుట ఈ నగర పరిసరములకు క్రొత్త విద్య కాదు. 1967లో హైదరాబాదున నెలకొన్న ఈసీఐఎల్ సంస్థ 1969 నాటికే టీడీసీ-12 అను కంప్యూటరును తయారుచేసినది. అయితే ఆ సంస్థకు ఇంజనీర్లుండిరి. మన కుర్రవానికున్నవి ఒక స్క్రూడ్రైవరు, తండ్రి కూరగాయలమ్మి కూడబెట్టిన సొమ్ము, "పది దినములలో తెచ్చినచో మార్చి ఇత్తుము" అని దుకాణదారు పలికిన మాట. యంత్రము వెలిగినది. ఇరువది నిమిషములకు ఆరినది. మరల వెలిగించిన పది నిమిషములకే ఆరినది. తండ్రి ఏమియు అనలేదు. అనకపోవుటయే కుర్రవానికి బరువైనది.

ఇట్టి సమయమున మొదటి సాక్షి మానిటరు. కంప్యూటరు ఆరినపుడు మానిటరు కూడ ఆరినదా, లేక సంకేతము రావడము లేదని వ్రాసి చూపుచు వెలుగుచునే యున్నదా? రెండును ఒకే ప్లగ్గుబల్లకు తగిలించియున్నచో ఈ చిన్న ప్రశ్న కేసును రెండుగా చీల్చును. మానిటరు వెలుగుచున్నచో కరెంటు చాలవరకు నిర్దోషి. ఆర్పినవాడు సాధారణముగా పెట్టెలోనే యుండును. రెండును ఆరినచో పెట్టెను విప్పుటకు ముందు గోడ వైపు చూడవలెను. పెట్టె మీది దీపము మెల్లగా మినుకుచున్నచో అది ఆరుట కాదు, నిద్ర. నిద్రపోవు వ్యవధిని మార్చుకొన్న చాలును. ఇట్టి నిద్రకు వైద్యము చేయించుటకై దుకాణమునకు మోసికొని పోయినవారును కలరు.

రెండవ సాక్షి గడియారము. వెలిగిన నాలుగైదు సెకండ్లకే, ప్రతిసారి అంతే వ్యవధిలో ఆరుచున్నచో, ముందుగా పవరు మీటను అనుమానింపవలెను. ఆ మీటను సుమారు నాలుగు సెకండ్లు అదిమి పట్టినచో యంత్రము తప్పక ఆరవలెనన్నది నిర్మాతలు పెట్టిన నియమము. మీట లోనికి ఇరుకుకొని పైకి రానిచో యంత్రమునకు అది పట్టి యుంచిన వ్రేలివలెనే తోచును. మదర్‌బోర్డు నుండి ఆ మీట తీగను ఊడదీసి, దాని రెండు ముళ్ళను స్క్రూడ్రైవరు కొనతో క్షణకాలము తాకించి వెలిగించి చూచిన నిజము తేలును.

మన కుర్రవాని యంత్రము నిమిషముల లెక్కన ఆరుచున్నది, రెండవసారి మరింత త్వరగా ఆరినది, మానిటరు వెలుగుచునే యున్నది. ఇది వేడి నడక. చల్లారక ముందే మరల వెలిగించినందున రెండవ గడువు తగ్గినది. నేటి ప్రాసెసర్లలో పెక్కు 95 మొదలు 100 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చేరినపుడు తమ వేగమును తామే తగ్గించుకొనును; అప్పటికిని వేడి అణగనిచో ప్రాణరక్షణకై ఆరిపోవును. 2001 ప్రాంతమున ఈ కాపలా లేని ప్రాసెసర్లు కొన్ని, పైనున్న లోహపు దిమ్మె తొలగినచో, క్షణములలో పొగలు క్రక్కెడివి. కావున ఆరిపోవుటను దోషముగా గాక ఆ చిప్పు చేసికొన్న ఆత్మరక్షణగా భావింపవలెను.

వేడి సంగతి తెలిసికొనుటకు ఏ పరికరమును అక్కరలేదు. వెలిగించిన వెంటనే బయాస్ తెరలోనికి పోయినచో ప్రాసెసరు ఉష్ణోగ్రత అంకెలలో కనబడును. ఏ పనియు లేనిచోట అది 40, 50 వద్ద నిలువక 80 దాటి ఎక్కుచున్నచో కూలరును విప్పవలెను. కూలరనగా వేసవిలో గడ్డి తడికెలతో కిటికీకి పెట్టుకొనునది కాదు. ప్రాసెసరు మీద కూర్చుండు లోహపు దిమ్మె, దాని పంకా. ఆ దిమ్మె అడుగున కర్మాగారమువారు అంటించిన పలుచని ప్లాస్టిక్ పొర యుండును. బిగించు తొందరలో దానిని ఒలుచుట మరచువారు అసంఖ్యాకులు. పొర లేకున్నచో నాలుగు మూలల బిగువును, మధ్య పూయవలసిన లేపనమును, పంకా తీగ తన స్థానమున నున్నదో లేదో చూడవలెను. మే నెలలో గది వేడిమియే 40 డిగ్రీలుండు మన ప్రాంతమున ఈ కొరత శీతకాలములో దాగి వేసవిలో బయటపడును.

మన కుర్రవాడు పొరను ఒలిచి, లేపనము మరల పూసి బిగించినాడనుకొందము. గంటల తరబడి యంత్రము నడచినది. ఐదవ నాటి సాయంకాలము మరల ఆరినది, ఈసారి మానిటరుతో సహా. అమ్మినవానిని తిట్టుకొనుటకు ఇది సమయము కాదు. ఇది వేరొక కేసు.

ఇక్కడ గ్రామమును గూర్చి కొంత చెప్పవలెను. బోరుబావి మోటారు తిరుగ నారంభించు క్షణమున తాను నడచునపుడు తీసికొను కరెంటునకు ఐదారు రెట్లు లాగును. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల సరఫరా ఆరంభమైనది. పోయిన కరెంటు తిరిగి వచ్చినపుడు ఆటోస్టార్టర్లున్న మోటార్లన్నియు ఒకేసారి లేచును. ఆ క్షణమున ఊరి దీపములు ఒక్కసారి క్రుంగును. మన కంటికి అది రెప్పపాటు. కంప్యూటరులోని పవర్ సప్లైకి అది దీర్ఘకాలము: నిండు భారముతో పనిచేయునపుడు అది కరెంటు లేకుండ నిలబడగలుగునది సుమారు 16, 17 మిల్లీసెకండ్లు మాత్రమే. మన కరెంటు ఒక్క ఆవృత్తికే 20 మిల్లీసెకండ్లు పట్టును. పవర్ సప్లై మీది చీటీని చదువుడు. 100 నుండి 240 వోల్టులని యున్నచో క్రుంగిన వోల్టేజికి అది ఓర్చుకొనును. 200 నుండి 240 అని యున్నచో ఓర్వలేక ఆరును. చవుకవానిలో రెండవరకము తరచు కనబడును.

దీనికి విరుగుడు యూపీఎస్ అని అందరు చెప్పుదురు. నిజమే. కాని దుకాణములలో ఎక్కువగా అమ్ముడగు 600 వీఏ యూపీఎస్ సాధారణముగా మోయగలది 360 వాట్లే. పెద్ద గ్రాఫిక్స్ కార్డు గల యంత్రము ఆటలో దానిని మించినచో యూపీఎస్ తానే ఆర్పివేయును. నింద పవర్ సప్లై మీద పడును. ఒకసారి యూపీఎస్ లేకుండ నేరుగా గోడకు తగిలించి చూచుట పైసా ఖర్చులేని పరీక్ష. మూడవ పిన్నుకు భూమి సంబంధము సరిగా నున్నదో లేదో కూడ ఎలక్ట్రీషియనుచే చూపించుడు. పెట్టెను తాకిన చేయి జివ్వుమనుచున్నచో ఇది వాయిదా వేయరాని పని.

మానిటరు వెలుగుచుండగా, సరిగా ఆట మొదలైనపుడే యంత్రము ఆరుచున్నచో పవర్ సప్లై సామర్థ్యమును లెక్కింపవలెను. గ్రాఫిక్స్ కార్డులు క్షణములో వెయ్యవవంతు కన్న తక్కువ కాలము తమ సగటును ఎంతో మించి లాగును. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణము ఈ ఉబుకులకు తట్టుకొనవలెనని పవర్ సప్లైలకు నియమము పెట్టినది. విండోస్ చిట్టాలో కనబడు "కెర్నెల్-పవర్ 41" అను పద్దును చూచి బెదరనక్కరలేదు. యంత్రము సక్రమముగా మూయబడలేదని మాత్రమే దాని అర్థము. ఎవరు ఆర్పినదీ అది చెప్పదు.

ఇవేవియు కానిచో మదర్‌బోర్డును పెట్టెనుండి బయటకు తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పరచి నడుపుడు. అక్కడ నడచి పెట్టెలో ఆరుచున్నచో బోర్డు క్రింద అక్కరలేనిచోట ఒక ఇత్తడి కాలో, జారిపడిన మరయో దానిని తాకుచుండును. పవర్ సప్లైని మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మట కూడ దానిలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు కొంతసేపు నిలువయుండును.

ఒకసారికి ఒక్క మార్పే చేయవలెను. రెండు మార్పులు కలిపి చేసి బాగుపడినవారికి ఏది బాగుచేసినదో తెలియదు. ఆరిన వేళ, మానిటరు స్థితి, అప్పుడు జరుగుచున్న పని, చూపిన ఉష్ణోగ్రత, చేసిన మార్పు ఒక నోటుబుక్కులో వ్రాసికొనుచుండిన తొమ్మిదవ దినమున పార్క్‌లేన్ బస్సు ఎక్కవలసి వచ్చినను, కుర్రవాడు పెట్టెనంతటిని మోయనక్కరలేదు. పవర్ సప్లైని, రసీదును, ఆ నోటుబుక్కును తీసికొనిపోయిన చాలును.